ఐటీఐ ఎలక్ట్రీషియన్ క్లాసుకు హౌస్ వైరింగ్ ప్రాక్టీస్ బోర్డులు: ఎన్ని వోల్టులు, ఏ సామాను, ఏ టెస్టులు?

బ్యాటెన్‌హోల్డర్
అందరికీ నమస్కారం. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ మొదటి ఏడాది, 20 మంది ట్రైనీలు. ఇద్దరికొకటి చొప్పున 10 వైరింగ్ బోర్డులు కొత్తగా చేయించాలి. ఉన్న చెక్క బోర్డుల్లో స్క్రూ పట్టడం లేదు, ఎక్కడ చూసినా పాత కన్నాలే. స్టెయిర్‌కేస్ (ఒకే దీపానికి రెండు చోట్ల స్విచ్), గోడౌన్ (లోపలికి నడిచే కొద్దీ వెనకటి దీపం ఆరి ముందుది వెలిగేది), సిరీస్, ప్యారలల్, సాకెట్ సర్క్యూట్ అన్నీ వీటి మీదే చేయించాలి.

నా సందేహాలు ఇవి. మొదటి నుంచే 230 వోల్టులు ఇవ్వొచ్చా? బోర్డు ఏ సైజులో తీసుకోవాలి? వైరు ఎంత ఖర్చవుతుంది? ఆర్సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంపే స్విచ్) ఎలా పని చేస్తుందో క్లాసులో భయం లేకుండా చూపించేదెలా?

పాతవైరింగ్
బోర్డు సంగతి చెప్తాను. 19 ఎంఎం ప్లైవుడ్ తీసుకోండి. 8×4 షీటులో 4×3 అడుగుల ముక్కలు రెండే వస్తాయి, 2 అడుగుల పట్టీ వృథా. అదే 4 అడుగులు × 2 అడుగుల 8 అంగుళాలు పెట్టుకుంటే షీటుకి మూడు వస్తాయి. 4 షీట్లలో 12 బోర్డులు: ట్రైనీలకి 10, ఒకటి మీ డెమోకి, ఒకటి స్పేరు. బోర్డు ఒక్కొక్కటీ సుమారు 12 కిలోలు తూగుతుంది. కాబట్టి స్టాండు యాంగిల్‌తో చేయించి, వెనక్కి కాలు పెట్టించండి. నిటారుగా గోడకి ఆనించి నిలబెడితే డ్రిల్లు నొక్కినప్పుడు జారుతుంది.

స్క్రూ పట్టకపోవడానికి కారణం చెక్క కాదు. ఒకే చోట ప్రతి బ్యాచూ చెక్క స్క్రూ బిగించి తీస్తుంటే ఏ చెక్కయినా అంతే. 100 ఎంఎం గడులుగా కన్నాలు వేయించి, వెనక నుంచి పళ్ళున్న టీ-నట్లు కొట్టించండి. ఫర్నిచర్ హార్డ్‌వేర్ షాపుల్లో ఉంటాయి. ముందు నుంచి ఎం4 మెషిన్ స్క్రూతో బాక్సులూ శాడిళ్ళూ బిగించుకోవాలి. ఎన్నిసార్లు తీసి బిగించినా మర ఇనుములో పడుతుంది గనక ప్లైవుడ్ చెడదు. చెక్క స్క్రూ బిగించడం కూడా వాళ్ళకి రావాలి కదా అంటే, దానికి విడిగా పారేసే ముక్క ఒకటి ఇవ్వండి.

ఈటీ_లెక్చరర్
వోల్టేజి విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఇంటర్ వొకేషనల్ ఈటీ (ఎలక్ట్రికల్ టెక్నీషియన్) గ్రూపు పిల్లలకైనా, ఐటీఐ మొదటి ఏడాదికైనా మొదట 24 వోల్టులే. 10 బోర్డుల మీద 20 మంది ఒకేసారి పని చేస్తుంటే ఇన్‌స్ట్రక్టర్ కళ్ళు రెండే. తప్పు చేసే హక్కు వాళ్ళకి ఉండాలి. 230లో ఆ హక్కు ఇవ్వలేం.

లెక్క ఇలా. బోర్డుకి 5 వాట్ల బల్బులు మూడు, అంటే 15 వాట్లు. 10 బోర్డులకి 150 వాట్లు. 24 వోల్టుల దగ్గర 6.25 ఆంపియర్లు. 250 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ చాలు. రెండు వైండింగులూ విడివిడిగా ఉన్న ఐసొలేషన్ రకమే తీసుకోవాలి. ల్యాబ్‌లో డిమ్మర్‌స్టాట్ ఖాళీగా ఉంది, దాన్నే 24కి తిప్పి పెడదాం అనుకోవద్దు. అది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. మెయిన్స్‌తో నేరుగా కలిసే ఉంటుంది. సప్లైలో ఫేజు, న్యూట్రల్ తారుమారైతే మీటరు 24 చూపిస్తుంది, తీగ నుంచి నేలకి మాత్రం 200 దాటి ఉంటుంది.

ప్యానెల్‌బాక్స్
మేడమ్ చెప్పినదానికి రక్షణ సామాను కలుపుతున్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి (230 వైపు) 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తాను ట్రిప్ అయ్యే స్విచ్), క్షణకాలపు ఎగుడుకి ఓర్చుకునే సి-కర్వ్ రకం. ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసిన మొదటి క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఎగుస్తుంది. బి-కర్వ్ అయితే ఏ తప్పూ లేకుండానే అప్పుడప్పుడు ట్రిప్ అవుతుంది, పిల్లలు లేని ఫాల్ట్ కోసం వెతుకుతారు. సెకండరీ (24 వైపు) మెయిన్‌కి 10 ఆంపియర్ల ఫ్యూజు. ఆ తర్వాత ప్రతి బోర్డుకీ విడిగా 1 ఆంపియర్ గాజు ఫ్యూజు (బోర్డు లోడు 0.63 ఆంపియరే). బోర్డు ఫ్యూజు తప్పనిసరి. ఒకరు షార్ట్ చేస్తే వాళ్ళ బల్బులే ఆరాలి, మిగతా తొమ్మిది బోర్డుల పని ఆగకూడదు. ఫ్యూజు పెట్టె ఒకటి నిండుగా ఉంచుకోండి, మొదటి వారం చాలా పోతాయి. ఫ్యూజు దొరకలేదని తీగ చుట్టడం మాత్రం ఒక్కసారి కూడా వాళ్ళ కళ్ళ ముందు జరగకూడదు.

ఇక తక్కువ వోల్టేజిలో అందరూ మర్చిపోయేది డ్రాప్, అంటే వైరులోనే పోయే వోల్టేజి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి బోర్డుకి 10 మీటర్లు అనుకుందాం, రానుపోను 20 మీటర్లు. 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రెసిస్టెన్సు కిలోమీటరుకి సుమారు 18.1 ఓమ్‌లు. 20 మీటర్లకి 0.36. లోడు మొత్తం చివరే ఉందనుకుంటే 6.25 ఆంపియర్లకి 2.3 వోల్టులు పోతాయి, దాదాపు పదో వంతు. 2.5 స్క్వేర్ వేస్తే 0.93 వోల్టులే. 230లో ఎవరూ పట్టించుకోని డ్రాప్ 24లో కంటికి కనిపిస్తుంది. దాన్నే ఒక పాఠంగా చేసుకోవచ్చు: మొదటి బోర్డు దగ్గరా చివరి బోర్డు దగ్గరా వోల్టేజి కొలిపించి, లెక్కతో పోల్చమనండి.

బ్యాటెన్‌హోల్డర్
చాలా థ్యాంక్స్ అండీ. 24 వోల్టుల బల్బులు లారీలవి దొరుకుతాయి, కానీ అవి మామూలు బ్యాటెన్ హోల్డర్‌లో పట్టవు కదా?

సోలార్‌ల్యాంప్
పట్టవు సార్. లారీ బల్బు టోపీ చిన్నది. ఆటో ఎలక్ట్రికల్ షాపులో దాని హోల్డర్ కూడా కొని, చిన్న రేకు క్లాంపుతో బోర్డుకి బిగించాలి. అసలు బ్యాటెన్ హోల్డర్ మీదే ప్రాక్టీసు కావాలంటే ఇంకో దారి ఉంది. 12 వోల్టుల డీసీ ఎస్ఎంపీఎస్ (230 ఏసీని తక్కువ వోల్టుల డీసీగా మార్చే సప్లై పెట్టె) పెట్టి, సోలార్ హోమ్ లైట్లకి అమ్మే 12 వోల్టుల ఎల్ఈడీ బల్బులు వాడండి. పిన్ను టోపీ మామూలు బల్బుదే గనక అదే హోల్డర్‌లో కూర్చుంటుంది.

జాగ్రత్తలు మూడు.

కొనేముందు బల్బుని హోల్డర్‌లో పెట్టి చూసి, తీసి సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టి చూడండి. కొన్నిట్లో లోపల బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ప్లస్, మైనస్ ఎటిచ్చినా సరిచేసే భాగం) ఉంటుంది, ఎటు పెట్టినా వెలుగుతుంది. లేనివి ఒక వైపే వెలుగుతాయి. అలాంటివి క్లాసులోకి వస్తే వైరింగ్ సరిగ్గా చేసినవాడు కూడా తప్పు చేశాననుకుని మొత్తం విప్పేస్తాడు.

జాలీ పెట్టె ఎస్ఎంపీఎస్‌లలో 230 వైపు స్క్రూ టెర్మినళ్ళు బయటికే ఉంటాయి. దాన్ని తాళం ఉన్న పెట్టెలో పెట్టి, 12 వోల్టుల వైర్లు మాత్రమే బయటికి రావాలి. లేకపోతే తక్కువ వోల్టేజి పెట్టి లాభమేముంది?

డ్రాప్ ఇక్కడ రెట్టింపు బాధ. అదే 150 వాట్లకి 12.5 ఆంపియర్లు. 10 మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ ఒకే లైనుగా వేస్తే 1.85 వోల్టులు పోతాయి. బోర్డుల్ని ఐదైదుగా విడగొట్టి రెండు లైన్లు లాగండి, సగానికి దిగుతుంది. బోర్డు ఫ్యూజు 2 ఆంపియర్లు పెట్టాలి.

రాయలసీమ_ఏటీవో
అంతా బాగానే ఉంది గానీ, 24 వోల్టులకే అలవాటు పడితే పిల్లలకి లైవ్ అంటే లెక్క లేకుండా పోతుంది. బయట పనికి పోయినప్పుడు ఉండేది 230యే. భయం కూడా నేర్పాల్సిందే కదా.

ఈటీ_లెక్చరర్
ఏటీవో గారూ, మీ మాట కాదనను. అందుకే వరస ముఖ్యం. కొత్త సర్క్యూట్ ఏదైనా 24లో కట్టాలి, తప్పులు దిద్దుకోవాలి, టెస్టు షీటు నింపాలి. అది సరిగ్గా వచ్చాక, అదే సర్క్యూట్‌ని ఆర్సీసీబీ వెనక ఉన్న 230 బోర్డు మీద ఒక్కొక్క జట్టుగా, ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడి ఉండగా కట్టించాలి. పద్ధతి మాత్రం రెండు చోట్లా ఒకటే: మెయిన్ తీసి, డెడ్ అని రుజువు చేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఆ క్రమం 24లోనూ విడిచిపెట్టకుండా చేయిస్తే నిర్లక్ష్యం అలవాటు కాదు.

ఇంకో మేలు కూడా ఉంది. 24 వోల్టుల మీద నియాన్ టెస్టర్ వెలగదు. కాబట్టి టెస్టర్ గుచ్చి చూసి వదిలేయడం కుదరదు. టెస్ట్ ల్యాంప్, మల్టీమీటర్ చేతిలోకి వస్తాయి. డెడ్ అని తేల్చడానికి నియాన్ టెస్టర్‌ని నమ్మకూడదని వాళ్ళకి మాటలతో చెప్పక్కర్లేదు.

మెగ్గర్500
స్టెయిర్‌కేస్ గురించి వివరంగా రాస్తాను. ఎక్కువ తప్పులు జరిగేదీ, ఇన్‌స్ట్రక్టర్లు ఎక్కువగా మోసపోయేదీ ఇక్కడే.

మొదటి తప్పు, టూ-వే స్విచ్‌లో కామన్ పోల్చుకోలేకపోవడం. ఈ స్విచ్‌కి మూడు టెర్మినళ్ళు: నొక్కిన ప్రతిసారీ కామన్ ఒక పక్క టెర్మినల్ వదిలి ఇంకోదానికి కలుస్తుంది. పియానో స్విచ్‌లో సాధారణంగా మధ్యది కామన్. మాడ్యులర్‌లో కంపెనీని బట్టి మారుతుంది. మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి, రెండు స్థితుల్లోనూ ఏ టెర్మినల్ కలుస్తూ ఉందో అదే కామన్ అని ప్రతి ట్రైనీ తనంతట తాను తేల్చాలి. రెండో స్విచ్‌లో కామన్, పక్క టెర్మినల్ తారుమారైతే లక్షణం ఇలా ఉంటుంది: ఆ స్విచ్ ఒక స్థితిలో ఉంటే మొదటి స్విచ్‌తో దీపం మామూలుగా ఆరి వెలుగుతుంది. రెండో స్థితిలో మొదటిదాన్ని ఎంత నొక్కినా దీపం వెలగదు. ఈ లక్షణం వినగానే ఏ స్విచ్ విప్పాలో చెప్పగలిగితే ట్రైనీకి సర్క్యూట్ అర్థమైనట్టే.

రెండోది ప్రమాదకరం. దీపం రెండు కొసల్ని రెండు స్విచ్‌ల కామన్‌లకి కలిపి, ప్రతి స్విచ్ పక్క టెర్మినళ్ళకి ఒకవైపు ఫేజు, ఇంకోవైపు న్యూట్రల్ ఇస్తారు. పైనా కిందా సప్లై అందుబాటులో ఉంటే వైరు ఆదా అవుతుంది గనక ఈ దారి తట్టడం సహజం. దీపం చక్కగా పని చేస్తుంది. ఎటు నుంచైనా వెలుగుతుంది, ఎటు నుంచైనా ఆరుతుంది. కానీ రెండు స్విచ్‌లూ ఫేజు వైపే ఉన్నప్పుడు దీపం ఆరిపోయి, హోల్డర్‌లో రెండు పిన్నులూ లైవ్‌గా ఉంటాయి. బల్బు మార్చడానికి స్టూలెక్కినవాడి గతి ఏమిటి? పైగా ఒకే స్విచ్‌లో ఫేజూ న్యూట్రలూ పక్కపక్కన ఉంటాయి, లోపల ఆర్క్ దాటితే నేరుగా షార్ట్.

అందుకే "దీపం వెలిగింది, మార్కులు వేశాను" అనే పద్ధతి మానేయాలి. నాలుగు స్థితుల పట్టిక రాయించండి. రెండిట్లో దీపం వెలగాలి, రెండిట్లో ఆరాలి. ఆరిన రెండిట్లోనూ హోల్డర్ పిన్ను ఒక్కోదానికీ న్యూట్రల్ లైనుకీ మధ్య కొలవాలి. సరైన వైరింగ్‌లో రెండు పిన్నుల దగ్గరా సున్నా లేదా ఆ దరిదాపు రావాలి. పైన చెప్పిన తప్పుడు వైరింగ్‌లో ఒక ఆరిన స్థితిలో రెండు పిన్నుల దగ్గరా 24 కనిపిస్తుంది. డిజిటల్ మీటరు ఖాళీ తీగ మీద పక్క తీగ ప్రభావానికి ఏవో కొన్ని వోల్టులు చూపించవచ్చు. మీటరుతో పాటు టెస్ట్ ల్యాంప్ కూడా తగిలించి చూస్తే అది పోతుంది.

పాతవైరింగ్
మెగ్గర్ గారు బాగా చెప్పారు. గోడౌన్ వైరింగ్‌కి ఒక్క ముక్క: మొదటిది వన్-వే, తర్వాతివి టూ-వే. మూడు దీపాలకి ఒక వన్-వే, రెండు టూ-వేలు చాలు. చివరి టూ-వేలో రెండు పక్కల్నీ రెండు దీపాలకి ఇవ్వాలి. తప్పు దాదాపు ఎప్పుడూ పక్క టెర్మినళ్ళు అటూ ఇటూ కావడమే. అప్పుడు దీపాలు వరస తప్పి వెలుగుతాయి.

వైరు లెక్క అడిగారు కదా. స్టెయిర్‌కేస్‌కి మీ బోర్డు మీద: ఎంసీబీ నుంచి మొదటి స్విచ్ కామన్‌కి 0.9 మీటరు, రెండు స్విచ్‌ల మధ్య 1.2 మీటర్లవి రెండు, రెండో కామన్ నుంచి దీపానికి 0.9, న్యూట్రల్ 1.3. మొత్తం ఎరుపు 4.2, నలుపు 1.3. బాక్సుల్లో వదిలే 15 సెంటీమీటర్ల కొసలు ఇందులోనే కలిపాను. 10 బోర్డులకి ఎరుపు 42 మీటర్లు, నలుపు 13. అంటే 90 మీటర్ల ఎరుపు కాయిల్ రెండు సెట్లకి వస్తుంది. 1 స్క్వేర్, ఐఎస్ 694 ముద్ర ఉన్నది తీసుకోండి.

ముక్కల్ని పొడవు ప్రకారం కట్టలు కట్టి తర్వాతి బ్యాచ్‌కి వాడుకోవచ్చు. ఒక్కోసారి కొస కోసి మళ్ళీ చెక్కితే రెండు వైపులా కలిపి 2 నుంచి 3 సెంటీమీటర్లు పోతుంది. ఎనిమిదిసార్ల తర్వాత ఆ ముక్క స్టెయిర్‌కేస్‌కి చాలదు, సిరీస్ బోర్డుకి వాడాలి.

బ్యాటెన్‌హోల్డర్
కొసలకి సోల్డర్ పట్టిస్తే పోగులు విడిపోకుండా ఎక్కువసార్లు వాడుకోవచ్చా?

ప్యానెల్‌బాక్స్
వద్దు సార్. స్క్రూ కింద సోల్డర్ ఒత్తిడికి నెమ్మదిగా జారిపోతుంది. ఈ రోజు బిగుతుగా ఉన్నది కొన్నాళ్ళకి లూజవుతుంది, 230 లోడు మీద వేడెక్కుతుంది. సోల్డర్ ఆగిన అంచు దగ్గర వంగి వంగి తీగ తెగుతుంది కూడా. పిన్ లగ్గు పెట్టి క్రింపు చేయండి. క్రింపింగ్ ప్లయరు ఒకటి కొంటే క్లాసంతటికీ సరిపోతుంది. కాంబినేషన్ ప్లయర్‌తో నొక్కిన లగ్గు లాగితే ఊడి వస్తుంది. ప్రతి లగ్గునీ లాగి చూడటం పనిలో భాగం చేయండి.

మెగ్గర్500
సప్లై ఇచ్చే ముందు టెస్టులు ఈ వరసలో చేయించండి: కళ్ళతో పరిశీలన, ఎర్త్ కంటిన్యుటీ (ఎర్త్ తీగ ఎక్కడా తెగలేదు కదా), పోలారిటీ (స్విచ్ ఫేజులోనే ఉందా), ఆఖరున ఇన్సులేషన్. 230 బోర్డుకి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్సు కొలిచే మీటరు). బల్బులన్నీ తీసేసి, స్విచ్‌లన్నీ ఆన్‌లో పెట్టి ఫేజు-న్యూట్రల్ మధ్యా, ఆ రెండూ కలిపి ఎర్త్‌కీ మధ్యా చూడాలి. స్విచ్‌లు ఆఫ్‌లో ఉంటే స్విచ్ తర్వాతి వైరు టెస్టుకే రాదు. బల్బు తీయకపోతే ఫేజు-న్యూట్రల్ రీడింగ్ బల్బుది వస్తుంది. ఎల్ఈడీ అయితే పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. 1 మెగోమ్ కంటే తగ్గకూడదు. కొత్త బోర్డులో దానికి ఎన్నో రెట్లు రావాలి. అంచుల్లో ఉంటే పాసైందని సంతోషించకుండా ఎక్కడ వైరు గీరుకుపోయిందో వెతికించండి.

ఈటీ_లెక్చరర్
రంగుల గురించి ఒక్కటి. మన త్రీఫేజ్‌లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఉపకరణాల కార్డులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. రెండు చోట్లా నీలం ఉంది, అర్థం మాత్రం పూర్తిగా వేరు. పాత కార్డు ముక్కనీ త్రీఫేజ్ వైరు ముక్కల్నీ పక్కపక్కన బోర్డుకి బిగించి గోడ మీద శాశ్వతంగా పెట్టండి.

ప్యానెల్‌బాక్స్
ఇక ఆర్సీసీబీ డెమో. 30 మిల్లీఆంపియర్ల రకం 15 లోపు లీకేజీకి పడకూడదు (ట్రిప్ కాకూడదు), 30 దగ్గర తప్పక పడాలి. మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. దీన్ని మూడు వైర్‌వౌండ్ రెసిస్టర్లతో చూపించవచ్చు. 22 కిలో ఓమ్‌లు పెడితే 230 దగ్గర 10.5 మిల్లీఆంపియర్లు, పడదు. 10 కిలో అయితే 23, పడొచ్చు పడకపోవచ్చు. 6.8 కిలో అయితే దాదాపు 34, పడి తీరాలి. పడకపోతే ఆ ఆర్సీసీబీ తీసి పారేయాలి.

వాట్లు చూసుకోండి. 22 కిలో మీద 2.4 వాట్లు ఖర్చవుతాయి, 5 వాట్లది చాలు. 10 కిలో మీద 5.3, 6.8 మీద 7.8. ఆ రెండూ 10 వాట్లవి తీసుకోండి. మూడిటికీ మూడు పుష్ బటన్లు, నొక్కి ఉన్నంతసేపే పని చేసేవి. రెసిస్టర్ కాళ్ళు లైవ్ గనక మూసిన పెట్టెలో ఉండాలి.

రాయలసీమ_ఏటీవో
మా వైపు మధ్యాహ్నం 200కి పడిపోతుంది. అప్పుడు 6.8 కిలో మీద 29.4 వస్తుంది. పడకపోతే ఆర్సీసీబీది తప్పు కాదు కదా.

ప్యానెల్‌బాక్స్
సరిగ్గా పట్టారు. వోల్టేజి తక్కువున్న చోట 5.6 కిలో వాడండి. 200 దగ్గర 35.7, 230 దగ్గర 41 వస్తాయి. 230 దగ్గర 9.4 వాట్లు కాబట్టి 20 వాట్లది తీసుకోండి. ఏదైనా, బటన్ నొక్కేముందు వోల్టేజి కొలిచి, కరెంటు లెక్క కట్టించి, పడుతుందో లేదో ముందే రాయించండి.

ఇంకో చిక్కు ఉంది. ల్యాబ్ మెయిన్‌లో కూడా 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ ఉంటే, లీకేజీని ఎర్త్‌కి పంపినప్పుడు రెండిట్లో ఏది ముందు పడుతుందో చెప్పలేం. ల్యాబంతా ఆరిపోతుంది. అందుకని రెసిస్టర్‌ని ఎర్త్‌కి కాకుండా, డెమో ఆర్సీసీబీ లోడు వైపు ఫేజు నుంచి సప్లై వైపు న్యూట్రల్‌కి కలపండి. డెమో ఆర్సీసీబీకి తేడా కనిపిస్తుంది, పైదానికి కనిపించదు. ఎర్త్ తీగలో కరెంటు పారదు.

ఆర్సీసీబీ మీదుండే టెస్ట్ బటన్ లోపల చేసేది కూడా ఇదే. అంటే టెస్ట్ బటన్ నొక్కితే పడింది కాబట్టి ఎర్తింగ్ బాగుందనుకోవడం తప్పు. ఎర్త్ తీగ అసలు లేకపోయినా టెస్ట్ బటన్ పని చేస్తుంది. డెమో బోర్డులో ఎర్త్ తీగ ఊడదీసి, బటన్ నొక్కి చూపించండి.

మెగ్గర్500
అదే డెమో బోర్డుని ఫాల్ట్ బోర్డుగా కూడా వాడుకోవచ్చు. వెనకాల తాళం పెట్టెలో 250 వోల్టులు, 6 ఆంపియర్ల టాగుల్ స్విచ్‌లు: ఒకటి ఫేజు తెంపడానికి, ఒకటి న్యూట్రల్ తెంపడానికి, ఒకటి సాకెట్ ఎర్త్ తెంపడానికి, ఒకటి ఫేజు-న్యూట్రల్ తారుమారు చేయడానికి. ఈ ఆఖరిది డబుల్ పోల్ డబుల్ త్రో (రెండు తీగల్నీ ఒకేసారి అటూ ఇటూ మార్చేది), మధ్యలో ఆఫ్ ఉన్న రకమే కావాలి. ఏ ఫాల్ట్ మార్చాలన్నా ముందు ఎంసీబీ తీయాలి.

న్యూట్రల్ తెగినప్పుడు, స్విచ్ ఆన్‌లో ఉండి ఫిలమెంట్ బల్బు పెట్టి ఉంటే, హోల్డర్ రెండు పిన్నుల దగ్గరా టెస్టర్ వెలుగుతుంది. చాలామంది ట్రైనీలు దీన్ని చూసి షార్ట్ అంటారు. ఎర్త్ తెగితే అన్నీ మామూలుగా పని చేస్తాయి, కంటిన్యుటీ చూస్తే తప్ప దొరకదు. ఫాల్ట్ షీటులో ఈ రెండిటికీ ఎక్కువ మార్కులు పెట్టండి. లూజు కనెక్షన్‌ని మాత్రం నిజంగా స్క్రూ వదులు చేసి చూపించకండి. లోడు మీద ఆర్క్ వచ్చి టెర్మినల్ కాలుతుంది. కాలిన పాత సాకెట్లు, హోల్డర్లు నాలుగు సేకరించి చేతికిచ్చి చూపిస్తే చాలు.

బ్యాటెన్‌హోల్డర్
అందరికీ ధన్యవాదాలు అండీ. ప్రస్తుతానికి 24 వోల్టులు, లారీ బల్బులు, టీ-నట్ల బోర్డు అనుకుంటున్నాను. ఆఖరి ప్రశ్న: జాబ్ షీట్లు తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా?

ఈటీ_లెక్చరర్
వాక్యం తెలుగులో రాయండి. సామాను పేర్లు షాపులో అడిగే మాటలే ఉంచి, పక్కన ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా రాయండి. కేటలాగులోనూ పరీక్షలోనూ అదే పదం కనిపించినప్పుడు తడబడరు. సిలబస్, ప్రశ్నల బ్యాంకు భారత్ స్కిల్స్ పోర్టల్‌లో ఉన్నాయి, చెన్నైలోని నిమి వేసే ట్రేడ్ థియరీ, ట్రేడ్ ప్రాక్టికల్ పుస్తకాలు కూడా చూడండి. మీ జాబ్ షీటులో ఎక్సర్‌సైజు నంబరు వాటి ప్రకారమే వేస్తే రికార్డు రాసేటప్పుడు గందరగోళం ఉండదు. షీటు ఒకే పేజీ: పైన సర్క్యూట్ గీయడానికి ఖాళీ గడి, మధ్యలో వైరు ముక్కల కొలతల పట్టిక, కింద సప్లైకి ముందు చేసిన టెస్టుల రీడింగులు, ఇన్‌స్ట్రక్టర్ సంతకం. ఆ సంతకం పడ్డాకే బోర్డు ఫ్యూజు వాళ్ళ చేతికివ్వండి. ఫ్యూజులు మీ టేబుల్ మీద ఉంటే, టెస్టు చేయకుండా ఎవరూ సప్లై ఇచ్చుకోలేరు.